రెండెకరాల ఐదు సెంట్లు... ఏ గడిలో?

కంప్యూటర్‌ తెర మీద మనం నొక్కే బటన్లు, నింపే గళ్లు వాటంతట అవి పుట్టుకురావు. ఎక్కడో ఎవరో కూర్చుని వాటిని తయారుచేస్తారు. ఆ తయారీలో చిన్న ఏమరుపాటు జరిగిందా... పొలం కొలతే మారిపోవచ్చు!

ఒక్కసారి ఊహించుకోండి. చింతలపూడి సెంటర్లో ఓ కంప్యూటర్‌ షాపు. పొలం వివరాలు ఎక్కించుకోవడానికి ఓ పెద్దాయన వచ్చాడు.

''పొలం ఎంత ఉంటుందండీ బాబాయ్‌గారూ?'' అడిగింది కంప్యూటర్‌ ముందున్న అమ్మాయి.

''రెండెకరాల ఐదు సెంట్లమ్మా.''

ఆమె ఠక్కున 2.5 అని కొట్టింది. కాగితం చేతికొచ్చింది. పెద్దాయన జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఆయన చెప్పిందే ఆమె కొట్టింది, ఆమె కొట్టిందే కంప్యూటర్‌ రాసుకుంది. కానీ కంప్యూటర్‌ లెక్కలో 2.5 అంటే రెండున్నర ఎకరాలు. అంటే రెండెకరాల యాభై సెంట్లు! తేడా 45 సెంట్లు. సెంటుకి 48.4 చదరపు గజాల చొప్పున 2,178 గజాలు. లేని నేల కాగితం మీద మొలిచింది.

తప్పు ఎవరిది? పెద్దాయనదా, ఆ అమ్మాయిదా? ఇద్దరిదీ కాదు. ఆ ఖాళీ గడిని తయారుచేసిన ప్రోగ్రామర్‌ది!

పెద్ద కిటికీలో చిన్న కిటికీలు

కంప్యూటర్లో నేరుగా ఇన్‌స్టాల్‌ చేసుకుని వాడుకునే ప్రోగ్రాముల్ని డెస్క్‌టాప్‌ అప్లికేషన్లు అంటారు. ఎరువుల కొట్లో బిల్లులు వేసేదీ, రైసుమిల్లులో లెక్కలు చూసేదీ ఎక్కువగా అవే. వాటిల్లో కనిపించే బటన్‌, అక్షరాలు కొట్టే గడి, టిక్కు పెట్టే పెట్టె, కిందికి జారే జాబితా... వీటన్నిటికీ కలిపి ప్రోగ్రామర్లు పెట్టుకున్న పేరు 'కంట్రోల్స్‌'.

అమెరికాలో జిరాక్స్‌ సంస్థకు చెందిన 'పార్క్‌' పరిశోధనశాలలో 1973లో తయారైన 'ఆల్టో' కంప్యూటర్‌ దగ్గర్నుంచి ఈ కథ ఊపందుకుంది. 1984లో యాపిల్‌ మ్యాకింటోష్‌, 1985లో మొదటి విండోస్‌ వాటిని మామూలు జనం ముందుకు తెచ్చాయి. అయితే తొలిరోజుల్లో విండోస్‌లో ఓ బటన్‌ పెట్టాలంటే వరసల కొద్దీ ప్రోగ్రాం రాయాల్సి వచ్చేది. 1991లో 'విజువల్‌ బేసిక్‌' వచ్చాక ఆ శ్రమ తప్పింది. పెట్టెలోంచి బటన్‌ని మౌస్‌తో లాగి తెర మీద పెట్టడం, దాన్ని నొక్కితే ఏం జరగాలో రాయడం... అంతే. అమీర్‌పేట కోచింగ్‌ సెంటర్ల చుట్టూ తిరిగిన ఓ తరం కుర్రాళ్లకు ప్రోగ్రామింగ్‌ అంటే మొదట గుర్తొచ్చేది అదే.

ఇక్కడో తమాషా ఉంది. విండోస్‌ దృష్టిలో బటన్‌ కూడా ఓ చిన్న విండోయే! దానికెప్పుడూ కబుర్లు వస్తూ ఉంటాయి. 'నిన్ను నువ్వు గీసుకో', 'మౌస్‌ నీ మీదికొచ్చింది', 'నిన్ను నొక్కారు'... ఇలా. ఒక్కో కబురుకీ ఏం చేయాలో అందులో ముందే రాసి ఉంటుంది. కావాలంటే ఓ చిన్న ప్రయోగం చేయండి. ఏ బటన్‌నైనా మౌస్‌తో నొక్కి, వదలకుండా పక్కకు జరిపి అప్పుడు వదలండి. సాధారణంగా ఏమీ జరగదు. నొక్కినప్పుడు కాదు, బటన్‌ మీదే వేలు వదిలినప్పుడే అది పనిచేస్తుంది. పొరపాటున నొక్కినవాడికి మనసు మార్చుకునే అవకాశం అన్నమాట. ఎంత ముందుచూపో చూడండి!

మన కొలతకు మన గడి

పెద్దాయన పొలం సంగతికి వద్దాం. కొత్త కంట్రోల్‌ చేయాలంటే ప్రోగ్రామర్‌ ముందు మూడు దారులుంటాయి. రెడీమేడ్‌ చొక్కాని మన ఒంటికి తగ్గట్టు కుట్టించుకున్నట్టు, ఉన్న కంట్రోల్‌నే కాస్త మార్చడం ఒకటి. ఉన్నవాటిని రెండు మూడు కలిపి ఒకటిగా చేయడం రెండోది. గీతల దగ్గర్నుంచీ అంతా సొంతంగా గీసుకోవడం మూడోది. పొలం కొలతకి రెండో దారి సరిపోతుంది.

ఒకే గడి బదులు పక్కపక్కన రెండు గళ్లు పెట్టాలి. ఒకదాని మీద 'ఎకరాలు', రెండోదాని మీద 'సెంట్లు' అని రాయాలి. సెంట్ల గడి 0 నుంచి 99 వరకే తీసుకోవాలి. ఎవరైనా 150 కొడితే తనంతట తాను ఎకరన్నరగా మార్చేసి ఊరుకోకూడదు, అడగాలి. అలవాటు కొద్దీ ఎకరాల గడిలో 2 కొట్టి చుక్క పెడితే, చకచకా సెంట్ల గడిలోకి దూకాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది... ఆ గళ్ల కింద 'రెండు ఎకరాల ఐదు సెంట్లు' అని తెలుగులో, అక్షరాల్లో కనిపించాలి. అప్పుడు ఆ అమ్మాయి పైకి చదువుతుంది, పెద్దాయన తలూపుతాడు. లోపల మాత్రం కంప్యూటర్‌ 205 సెంట్లని చుక్కలేని ఒకే అంకెగా రాసుకుంటుంది. చుక్క దగ్గర వచ్చే తంటాయే ఉండదు.

చింతలపూడి దాటి కాస్త ముందుకెళ్తే తెలంగాణ. అటుపక్క సత్తుపల్లిలో లెక్క ఎకరాలూ గుంటలూ! ఎకరానికి 40 గుంటలు. అక్కడ ఐదు గుంటలంటే ఇక్కడి లెక్కలో పన్నెండున్నర సెంట్లు. మంచి కంట్రోల్‌కి ఆ కొలతను మార్చుకునే వీలూ ఉంటుంది. 'సెంట్లు' బదులు 'గుంటలు' అని ఎంచుకుంటే హద్దు 99 నుంచి 39కి దిగిపోతుంది. ఒకసారి ఇలా చేసిపెట్టుకుంటే చాలు, ఎన్ని ప్రోగ్రాముల్లోనైనా తీసి వాడుకోవచ్చు.

తాడేపల్లిగూడెం పట్టదు!

ఈ ప్రాంతానికి కంప్యూటర్‌ గళ్లు కొత్తేం కాదు. 1998లో రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్‌ ఆఫీసుల్లోకి 'కార్డ్‌' పథకంతో కంప్యూటర్లొచ్చాయి. 2002లో అప్పటి పశ్చిమగోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు మొదలైతే, స్వయం సహాయక సంఘాల మహిళలు వాటిని నడిపించారు. తర్వాత 2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022లో చింతలపూడి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఏ కేంద్రమైనా, ఏ జిల్లా అయినా పని మాత్రం ఆ గళ్లు నింపడంతోనే మొదలు.

ఆ గళ్లను ఇంగ్లిషు అక్షరాల్ని దృష్టిలో పెట్టుకుని చేస్తే తెలుగు ఇబ్బంది పడుతుంది. 'చింతలపూడి' మన కంటికి ఐదక్షరాలే. కంప్యూటర్‌కి తొమ్మిది సంకేతాలు. గుడులూ కొమ్ములూ సున్నాలూ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి మరి! 'తాడేపల్లిగూడెం' ఆరక్షరాలు, పద్నాలుగు సంకేతాలు. 'పది చాలులే' అనుకుని ప్రోగ్రామర్‌ హద్దు పెడితే ఆ గడిలో పట్టేది 'తాడేపల్లిగ' వరకే. ఊరి పేరైతే ఎలాగో ఊహించుకోవచ్చు. అదే మనిషి పేరు తెగిపోతే? ఒక కాగితంలో పేరుకీ మరో కాగితంలో పేరుకీ పొంతన ఉండదు. ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

ఎత్తు సంగతీ అంతే. గడి ఇంగ్లిషుకు సరిపోయేంతే ఉంటే కింద ఒత్తులు తెగిపోతాయి. 'ఓకే' కోసం కొలిచి చేసిన బటన్‌లో 'భద్రపరచు' ఇరుక్కుంటుంది. అందుకే తెలిసిన ప్రోగ్రామర్‌ కొలతల్ని బిగించేయడు. లోపలి మాటను బట్టి పెరిగేలా వదిలేస్తాడు.

ఇవన్నీ చిన్న కంపెనీల్లో జరిగే పొరపాట్లే అనుకునేరు! 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. కంటికి కనిపించని ఓ సంకేతం మధ్యలో చేరిన ఆ అక్షరం సందేశంగా వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్‌ కుప్పకూలేది. ఐఫోన్లలోనే కాదు, మ్యాక్‌ కంప్యూటర్లలోనూ అదే కథ. అక్షరాల్ని పేర్చి గీసే భాగంలో ఉన్న లోపమది. అదే నెల 19న యాపిల్‌ సవరణ విడుదల చేసింది. ఒక్క తెలుగు అక్షరం గడిలో పడితే యాప్‌లే ఆగిపోయాయంటే, ఆ గడి వెనక ఎంత పని ఉంటుందో ఆలోచించండి.

చూపు లేనివారికీ కనిపించాలి

అంతా సొంతంగా గీసుకునే మూడో దారిలో మరో జాగ్రత్త అవసరం. చూపు లేనివాళ్లు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌ వాడతారు. ఉచితంగా దొరికే 'ఎన్‌వీడీఏ' అలాంటిదే. మామూలు బటన్‌ దగ్గరికి వెళ్తే అది 'భద్రపరచు, బటన్‌' అని చెబుతుంది. ప్రోగ్రామర్‌ అందంగా బొమ్మ గీసి వదిలేస్తే దానికేమీ వినిపించదు, వాడేవాళ్లకు అక్కడ బటన్‌ ఉన్నట్టే తెలియదు. అందుకే సొంతంగా చేసిన ప్రతి కంట్రోలూ తన పేరేంటో, తానేం చేస్తుందో, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో విండోస్‌కి చెప్పుకోవాలి. మౌస్‌ లేకుండా ట్యాబ్‌, స్పేస్‌ మీటలతోనే పనిచేయాలి. బిల్లు కౌంటర్లో రోజంతా కూర్చునేవాళ్లకీ అదే సుఖం. మౌస్‌ కోసం మాటిమాటికీ చెయ్యి చాపక్కర్లేదు కదా.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఇంజినీరింగ్‌ చదువుతూ ప్రోగ్రాం రాయబోయే అబ్బాయిలూ అమ్మాయిలూ... రంగులూ హంగులూ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఓ పూట కంప్యూటర్‌ షాపులో కూర్చుని, వచ్చినవాళ్లు తమ పేర్లూ పొలాలూ ఎలా చెబుతున్నారో వినండి. గడి ఎలా ఉండాలో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

ఎందుకంటే... ఆ పెద్దాయన ప్రోగ్రామర్‌ని ఎప్పుడూ చూడడు. ఆ గడినే చూస్తాడు.