విరిగిన దవడకు పలక చికిత్స

ముఖమందలి ఎముకలలో కదలునది క్రింది దవడ యొక్కటే. అది గుర్రపు లాడమువలె వంగి, రెండు చెవుల ముందర కీళ్లతో తలకు అమరియుండును. అందువలన గడ్డముపై తగిలిన దెబ్బకు గడ్డమే గాక, దూరముననున్న చెవి చెంత కూడ ఎముక విరుగవచ్చును. వాహనముల ప్రమాదములు, జారిపడుట, కొట్లాటలు ఇందుకు సాధారణ కారణములు.

పై పలువరుస, క్రింది పలువరుస మునుపటివలె కలియకపోవుట ముఖ్యమైన గుర్తు. నోరు తెరచునపుడు నొప్పి, క్రింది పెదవి తిమ్మిరి, నాలుక క్రింద నెత్తురు కమిలియుండుట తక్కిన గుర్తులు. ఇవి కనబడినపుడు వాపు తగ్గువరకు వేచియుండరాదు. నాటుకట్టుతో వారములు గడపినచో ఎముక వంకరగా అతుకుకొనవచ్చును. పిమ్మట నమలుటయే కష్టమగును.

దెబ్బ తగిలిన వెంటనే చూడవలసినది ఊపిరి. నోటిలోని నెత్తురును, ఊడిన పళ్లను తీసివేయవలెను. స్పృహ యున్న వానిని ముందుకు వంగి కూర్చుండనీయవలెను. వెల్లకిల పరుండబెట్టినచో నాలుక వెనుకకు జారి ఊపిరి ఆగవచ్చును. ఊడిన పంటిని వేరు తాకకుండ పట్టుకొని, పాలలో వేసి వెంట తీసికొనిపోవలెను. ఆలసింపక 108కు ఫోను చేయవలెను.

దవడ చికిత్స క్రొత్తది కాదు. విరిగినచోటి పళ్లను బంగారు తీగతోగాని దారముతోగాని కట్టవలెనని ప్రాచీన గ్రీకువైద్యుడు హిపోక్రటీసు పేరిట వెలసిన గ్రంథములందే కలదు. తరువాతి కాలమున పై పళ్లను, క్రింది పళ్లను తీగలతో కలిపి, నాలుగు మొదలు ఆరు వారములవరకు నోరు మూసియుంచు పద్ధతి ఏర్పడినది. ఇది నేటికిని కొందరికి ఉపయోగపడుచున్నది. కాని రోగి ద్రవాహారముతోనే కాలము గడపవలెను; వాంతి వచ్చినచో ప్రమాదము గనుక తీగలు కత్తిరించు పనిముట్టును చెంతనే ఉంచవలెను.

ఈ ఇబ్బందిని తగ్గించినది చిన్న లోహపు పలక. 1973లో ఫ్రాన్సు శస్త్రవైద్యుడు మిషెలే దవడ, ముఖముల ఎముకలకు చిన్న పలకలను మరమేకులతో బిగించు విధానమును ప్రకటించెను. స్ట్రాస్‌బూర్ నగరమందలి షాంపీయు, ఆయన సహచరులును 1978లో పలకను ఎచ్చట బిగింపవలెనో వివరించిరి. వెదురుబద్దను వంచినపుడు వెలుపలి ప్రక్క చీలి, లోపలి ప్రక్క నొక్కుకొనును గదా! అట్లే నమలునపుడు విరిగిన దవడ పై అంచున విడిపోవజూచును, క్రింది అంచున నొక్కుకొనును. విడిపోవు చోట పట్టు దొరికినచో సన్నని పలకయే చాలును. గడ్డము చెంత దవడ మెలిపడును గనుక అచ్చట రెండు పలకలు కావలెను.

నేడు ఈ పలకలను ఎక్కువగా టైటానియంతో చేయుదురు. అది తుప్పు పట్టదు; శరీరము దానిని సాధారణముగా ఓర్చుకొనును. రోగికి మత్తు ఇచ్చి, పెక్కుసారులు నోటిలోపలినుండియే కోత పెట్టుదురు గనుక ముఖముపై మచ్చ ఉండదు. వైద్యుడు మొదట పలువరుసలను సరిగా కలిపి, ఆ పిమ్మటనే పలకను బిగించును. పళ్లు కుదిరినపుడే ఎముక కుదిరినట్లు. అందరికిని పలక అవసరము లేదు. పిల్లలకును, చెవి చెంత విరిగిన కొందరికిని శస్త్రచికిత్స లేకయే నయమగును. ఎముక ముక్కలైనచో పెద్ద పలక కావలసివచ్చును.

పలక వేసిన పిమ్మట నోరు త్వరలోనే తెరువవచ్చును. అంతమాత్రమున దవడ బాగుపడినదని తలపరాదు. పలక ఎముకను పట్టియుంచునే గాని అతికింపజాలదు. అతుకుకొనుటకు సుమారు ఆరు వారములు పట్టును. అంతవరకు జావ, పప్పుకట్టు, మెత్తని అన్నము, మజ్జిగ తీసికొనవలెను. జంతికలు, చెరకు, వేరుసెనగలు కొరుకరాదు. తిన్న ప్రతిసారియు ఉప్పునీటితో పుక్కిలింపవలెను. బీడీ, చుట్ట, గుట్కా మానవలెను. అవి పుండు మానుటను ఆలస్యము చేసి, చీము పట్టుటకు తోడ్పడును. వాపు పెరిగినను, చీము కారినను, పళ్లు కలియకపోయినను వెంటనే వైద్యుని చూడవలెను. బాధ లేనిచో పలకను సాధారణముగా తీయనక్కరలేదు.

దవడ విరుగకుండ కాపాడుకొనుట అన్నిటికంటె మేలు. గడ్డమువరకు కప్పు హెల్మెటును ధరించి, పట్టీ బిగించుకొనుటకు పట్టునది క్షణకాలమే.