పెన్షను ఇల్లు మారితే...

చుండూరులో రైలెక్కి, తెనాలిలో బ్యాంకు పని చూసుకుని మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చేవాళ్లకు బోర్డులు మారడం కొత్తేమీ కాదు. 1923లో బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పాసుపుస్తకాలు మారాయి, కోడ్ నంబర్లు మారాయి. మరి ఆ బ్యాంకు ద్వారా నెలనెలా కడుతున్న పెన్షను సంగతి?

ఏమీ కాలేదు. ఎన్‌పీఎస్ అయినా, అటల్ పెన్షన్ యోజన అయినా బ్యాంకు గుమ్మం లాంటిది. డబ్బు గుమ్మంలో ఉండదు. దాన్ని పెట్టుబడి పెట్టేది పెన్షన్ ఫండ్. లెక్క రాసేది రికార్డు కీపింగ్ సంస్థ. మీ పేరున ఉండేది ‘ప్రాన్’ అనే పన్నెండంకెల నంబరు. బ్యాంకులు ఎన్ని కలిసినా, విడిపోయినా ఆ నంబరు మీ వెంటే వస్తుంది.

అది సరే, మనంతట మనమే ‘ఈ కంపెనీ వద్దు, ఆ కంపెనీకి మార్చండి’ అంటే కుదురుతుందా? కుదురుతుంది... కుదరదు! రెండూ నిజమే. మీ దగ్గరున్నది ఏ పెన్షను అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇక్కడైతే సులువు

2009లో డ్వాక్రా మహిళల కోసం వచ్చిన అభయహస్తం గుర్తుందా? రోజుకో రూపాయి సభ్యురాలిది, మరో రూపాయి ప్రభుత్వానిది. నిర్వహణ ఎల్ఐసీది. ‘నా డబ్బు ఫలానా వాళ్ల దగ్గర పెట్టండి’ అనే వీలు అందులో సభ్యురాలికి లేదు. అదే ఏడాది మే 1 నుంచి సామాన్యులందరికీ తలుపులు తెరిచిన ఎన్‌పీఎస్‌లో ఆ వీలుంది. ప్రైవేటు ఉద్యోగి, దుకాణదారు, రైతు... ఎవరైనా సరే ఏడాదికోసారి పెన్షన్ ఫండ్‌ను మార్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ అవకాశం 2019 ఏప్రిల్ నుంచి వచ్చింది. పాత ఫండ్‌లోని యూనిట్లు అమ్మి, ఆ సొమ్ముతో కొత్త ఫండ్‌లో కొంటారు. మధ్యలో డబ్బు మన చేతికి రాదు కాబట్టి పన్ను గొడవా లేదు. లెక్కలు రాసే సంస్థనూ మార్చుకోవచ్చు. వాటిలో ఒకటైన కేఫిన్‌టెక్ మన హైదరాబాదుదే.

అలాగని ఏటా మార్చుకుంటూ పోవాలా? అక్కర్లేదు. అన్ని ఫండ్లూ దాదాపు ఒకే నిబంధనల మధ్య పెట్టుబడి పెడతాయి. నిరుడు ముందున్నది ఈ ఏడు వెనకబడొచ్చు. కనీసం అయిదేళ్ల రాబడి చూశాకే కదలడం మంచిది.

2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరి సీపీఎస్‌లో ఉన్న మాస్టారు, రేపు రాజీనామా చేసి సొంతంగా ఏదో పెట్టుకున్నారనుకోండి. ఖాతా మూసేస్తే కూడిన సొమ్ములో 80 శాతంతో యాన్యుటీ కొనాల్సి రావచ్చు. మూయకుండా అదే ప్రాన్‌ను సామాన్యుల విభాగానికి మార్పించుకుంటే ఆ అవసరం ఉండదు. ఈ సంగతి తెలియక తొందరపడేవాళ్లే ఎక్కువ.

పేరు మార్పిడి... పని సరెండరు

2011లో దేశమంతటా ఫోన్ నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం వచ్చింది. ఆరోగ్య బీమాకూ అదే ఏడాది వచ్చింది. దాంతో బీమా కంపెనీల పెన్షన్ పాలసీలూ అలాగే మారతాయని చాలామంది అనుకుంటారు. మారవు! ఒక జీవిత బీమా కంపెనీ పెన్షన్ పాలసీని అలాగే ఎత్తి మరో కంపెనీలో పెట్టే పద్ధతి మన దేశంలో లేదు.

అందుకే ఎవరైనా ఇంటికొచ్చి, ‘పాత పాలసీలో ఏముందండీ, మా దాంట్లోకి మార్చేస్తాం’ అంటే జాగ్రత్తపడాలి. జరిగేది మార్పిడి కాదు. పాతది సరెండరు చేసి, వచ్చిన దాంతో కొత్తది కొనిపించడం. సరెండరు చేస్తే, ముఖ్యంగా మొదటి ఏళ్లలో, కట్టినంత కూడా తిరిగి రాకపోవచ్చు. చాలా పెన్షన్ పాలసీల్లో ఆ మొత్తం కూడా పూర్తిగా చేతికివ్వరు, కొంత యాన్యుటీకే పోవాలి. 80సీసీసీ సెక్షన్ చూపించి ఆనాడు పన్ను తగ్గించుకుని ఉంటే, సరెండరు సొమ్ము ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. కొత్త పాలసీ మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలు, ఏజెంటు కమీషనూ మొదటి నుంచే మొదలు. వచ్చినాయన బంధువే కావచ్చు, మొహమాటమూ ఉండొచ్చు. అయినా ‘ఇది సరెండరా, కాదా? ఇప్పుడు చేతికెంత వస్తుంది?’ అని పాత కంపెనీ బ్రాంచిలోనే అడిగి, లెక్క కాగితం మీద తీసుకోండి. కొత్త ప్రీమియం ఆపేసి, పాతదాన్ని ‘పెయిడప్’గా వదిలేసే వీలుందేమో కూడా అడగండి. ఆ మాట ఏజెంట్లు సాధారణంగా ఎత్తరు.

పదేళ్ల గీత

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు మారుతుంటారు. పాత కంపెనీ పీఎఫ్ తీసేసుకుని బండి కొనుక్కోవడం మామూలైపోయింది. పీఎఫ్ సంగతి అలా ఉంచండి. దానితోపాటే ఫారం 10సీ పెట్టి ఈపీఎస్... అంటే ఉద్యోగుల పెన్షన్ పథకం సొమ్ము కూడా తీసేస్తేనే అసలు నష్టం. ఈ పథకంలో పెన్షను రావాలంటే పదేళ్ల సర్వీసుండాలి.

ఒకబ్బాయి ఒక చోట ఆరేళ్లు, ఇంకో చోట అయిదేళ్లు చేశాడనుకుందాం. మొదటిది తీసేస్తే మిగిలేది అయిదేళ్లు. పెన్షను లేదు. బదిలీ చేయించుకుంటే పదకొండేళ్లు. పెన్షనుకు లెక్కించే జీతం గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలనుకుంటే, దాన్ని 11తో హెచ్చించి 70తో భాగించాలి. 58 ఏళ్ల నుంచి నెలకు సుమారు 2,357 రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ బతికున్నన్నాళ్లూ వస్తుంది, తర్వాత భార్యకూ కొంత వస్తుంది.

బదిలీ అయ్యాక కొత్త పాసుపుస్తకంలో పెన్షన్ గడి దగ్గర సున్నా చూసి గాభరా పడేవాళ్లున్నారు. పీఎఫ్ వాటా డబ్బుగా వస్తుంది, పెన్షన్ వాటా సర్వీసుగా వస్తుంది. కాబట్టి చూసుకోవాల్సింది సర్వీస్ హిస్టరీ. అందులో పాత కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగా ఉంటే చాలు.

వెనక్కి రాని సంతకం

ఇన్ని మార్పుల్లోనూ ఏదో ఒక దారి ఉంటుంది. దారి లేనిది చివరి మెట్టు దగ్గర. అరవైలో ఎన్‌పీఎస్ నుంచి బయటికొచ్చేటప్పుడు కొంత సొమ్ముతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. 2025 డిసెంబరులో సవరించిన నిబంధనలతో ప్రభుత్వేతర ఖాతాదారులకు ఇది కనీసం 20 శాతానికి తగ్గింది. ప్రభుత్వ ఉద్యోగులకు 40 శాతమే. ఏ కంపెనీ అన్నది మన ఇష్టం. ఒకే మొత్తానికి ఒక్కో కంపెనీ నెలకు ఒక్కో అంకె చెబుతుంది, కాబట్టి రెండు మూడు చోట్ల అడగాలి. పాలసీ చేతికొచ్చాక ముప్ఫై రోజుల ఫ్రీలుక్ గడువుంది. అది దాటితే ఇక కంపెనీ మారదు, రేటు మారదు.

ఫారంలో ఇంకో గడి ఉంటుంది. పెన్షను ఆయనకొక్కడికేనా, ఆయన తర్వాత ఆవిడకూనా? అసలు మొత్తం పిల్లలకు తిరిగి రావాలా, వద్దా? ఆయనకొక్కడికే అని టిక్కు పెడితే నెలకు నాలుగు రూపాయలు ఎక్కువ కనిపిస్తాయి. చాలా ఇళ్లలో ఆ టిక్కు ఆయనే బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడి పెట్టేసి వస్తారు. ఆ రోజు ఆవిణ్ని కూడా తెనాలి రైలెక్కించుకు వెళ్లండి.