లావు టైరు, సన్న రిమ్ము

విజయవాడ ఆటోనగర్‌లో మా టైర్ల కొట్టు ముందు స్పోర్ట్స్ బైకు ఆగిందంటే, దిగే కుర్రాడు ఏమడుగుతాడో నాకు ముందే తెలుసు. "బాబాయ్, దీనికి వెనక లావు టైరు పడుద్దా?"

పట్టించాలంటే చాలావాటికి పడుతుంది. సబ్బునీళ్లు రాసి, లీవర్లతో గుంజి, కంప్రెసరుతో గట్టిగా గాలి కొడితే టైరు రిమ్ము మీద కూర్చుంటుంది. కూర్చున్నాక బండి ఎలా నడుస్తుందన్నదే అసలు సంగతి. ఆ కోరికను నేను తప్పుపట్టను. వెనక నుంచి చూస్తే వెడల్పాటి టైరున్న బైకు అందంగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఆ బండి మీద మలుపు తిరిగేది ఎవరింటి పిల్లాడో. అందుకే లీవరు పట్టుకునే ముందు కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతాను.

ఈమధ్య గుడివాడ నుంచి ఒక డిగ్రీ కుర్రాడు యమహా ఆర్15 మొదటి మోడల్ తీసుకొచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత ఓనరు దానికి ఎక్కడో 130/70 టైరు వేయించాడు. 2008లో ఆ బండి వచ్చినప్పుడు కంపెనీ ఇచ్చిన వెనక టైరు 100/80-17. ఈ అంకెల లెక్క తేలికే. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత వంతు ఎత్తు ఉందో చెబుతుంది. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. అంటే 100/80 ఎత్తు 80 మి.మీ., 130/70 ఎత్తు 91 మి.మీ.

"బండి మలుపులో ఒక పట్టాన వాలట్లేదు బాబాయ్, వాలితే ఒక్కసారిగా పడిపోతున్నట్టుంది" అన్నాడు. చక్రం విప్పి స్టాండు మీద పెట్టి చూపించాను. టైరు నడిమధ్యన సన్నటి పట్టీలా మాత్రమే అరిగింది. రెండు అంచుల్లో, కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. చైను ఉన్న వైపు సైడ్ వాల్ మీద చుట్టూతా ఒక గీత. వేలు పెట్టి రాస్తే నల్లటి గ్రీజు అంటింది. బండి మీద ఇద్దరెక్కి గుంటలో పడినప్పుడల్లా చైను టైరును కోస్తోందన్నమాట. ఆ గీత చూశాక కుర్రాడి మొహం మారిపోయింది.

టైరు మధ్యలోనే అరగడానికి, బండి సరిగ్గా వాలకపోవడానికి కారణం రిమ్ము. ప్రతి అల్లాయ్ చక్రం మీద, ఎక్కువగా ఒక ఊచ పక్కన, రిమ్ము వెడల్పు పోతపోసి ఉంటుంది: 17 ఇంటూ ఎంటీ 3.50 అనో, ఎంటీ 4.00 అనో. మట్టి తుడిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. టైరు కంపెనీలు 130/70 టైరును 3.50 అంగుళాల రిమ్ము మీద, 140/70 టైరును 4.00 మీద, పెద్ద బైకుల 180/55 టైరును 5.50 మీద కొలుస్తాయి. అటూ ఇటూ కొంత సడలింపు ఇస్తాయి, అంతకు మించి ఒప్పుకోవు. ఆ పాత ఆర్15 వెనక రిమ్ము మూడు అంగుళాలు కూడా ఉండదు. దాని మీద 130 ఎక్కిస్తే సైడ్ వాల్స్ రెండూ లోపలికి లాక్కుపోతాయి. దారం లాగి మూతి బిగించిన సంచిలాగా టైరు మధ్యలో పైకి ఉబ్బుతుంది. గుండ్రంగా ఉండాల్సిన నెత్తి కూచిగా తయారవుతుంది. నిటారుగా పోతున్నప్పుడు నేలను తాకేది ఆ కూచి మాత్రమే. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు అసలు వెడల్పే దాదాపు 5 మి.మీ. తగ్గుతుంది. లావు కోసం డబ్బు పెడితే అందులో కొంత లావు అక్కడే పోతుంది.

గ్రిప్పు మాట కూడా చెప్పాలి, అందరూ పొరపాటు పడేది ఇక్కడే. వెనక చక్రం మీద 120 కిలోల బరువు ఉందనుకోండి. టైరులో 33 పౌండ్ల గాలి ఉంటే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోలు. భాగిస్తే నేలను తాకే జాగా 52 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు గట్టిదనాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుందంతే. తగిన రిమ్ము మీదే లావు టైరు వేసి అదే గాలి కొడితే ఆ జాగా అడ్డంగా పెరిగి, పొడవులో తగ్గుతుంది. మొత్తం మాత్రం పెద్దగా మారదు. మలుపులో పట్టు ఇచ్చేది రబ్బరు నాణ్యత, టైరు కట్టుబడి, సరైన గాలి. పైగా బండి వాలినప్పుడు నేలను తాకే చోటు టైరు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. టైరు ఎంత లావైతే అంత ఎక్కువ జరుగుతుంది. కాబట్టి అదే మలుపుకి, అదే వేగానికి బండిని ఇంకాస్త ఎక్కువ వాల్చాల్సి వస్తుంది. 17 హార్స్ పవర్ బండికి ఇంత లావు టైరు ఎందుకు? 43 హార్స్ పవర్ ఉన్న కేటీఎం 390కే 150 టైరు సరిపోయింది. 200 టైరు వేసుకునే డుకాటీ పానిగాలే వీ4కి ఆ పవరు 200 పైనే.

"మరి కంపెనీవాళ్లే తర్వాత 130 వేశారుగా?" అని ఆ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. 2011లో ఆర్15 రెండో వెర్షన్‌కి యమహా 130/70 రేడియల్ టైరు ఇచ్చిన మాట నిజం. కానీ టైరొక్కటే మార్చి ఊరుకోలేదు. రిమ్ము వెడల్పు చేసింది. ఇనుప స్వింగ్ ఆర్మ్ తీసేసి అల్యూమినియంది పెట్టింది. రెండు చక్రాల మధ్య దూరాన్ని 1290 నుంచి 1345 మి.మీ.కి పెంచింది. ముందు టైరును కూడా 80 నుంచి 90కి తెచ్చింది. గేరింగ్ మార్చింది. అన్నీ కలిసి కుదిరాకే ఆ టైరు ఆ బండికి అందంతోపాటు అక్కరకూ వచ్చింది. కొట్టులో కూర్చుని ఒక్క టైరు మార్చి ఆ ఫలితం రమ్మంటే రాదు.

ఎత్తు సంగతి త్వరగా చెప్పేస్తాను. 100/80 నుంచి 130/70కి పోతే చక్రం వ్యాసం 22 మి.మీ. పెరుగుతుంది. బండి వెనక భాగం 11 మి.మీ. లేస్తుంది, సైడ్ స్టాండు మీద ఎక్కువ ఒరుగుతుంది. గేరింగ్ సుమారు నూటికి నాలుగు వంతులు బరువెక్కి పికప్ తగ్గుతుంది. స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి లెక్క తీసుకునే బళ్లలో 60 చూపిస్తుంటే నిజానికి 62లో పోతుంటారు. రెండు చక్రాల వేగాన్ని పోల్చి చూసుకునే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బళ్లలో ఈ తేడాను అసలు తేలిగ్గా తీసుకోకూడదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బీమా కంపెనీకి చెప్పకుండా టైరు సైజు మారిస్తే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు.

అయినా ఒక సైజు పెంచాలనుందా? రిమ్ము మీది అంకె చూసుకోండి. ఆ టైరుకు కంపెనీ ఒప్పుకున్న రిమ్ముల్లో అది ఉంటేనే ముందుకెళ్లండి. చైను బాగా అరిగి చక్రం వెనక్కి జరిగి ఉన్నప్పుడు చూసిన ఖాళీని నమ్మొద్దు. కొత్త చైను వేయగానే చక్రం ముందుకొస్తుంది, స్వింగ్ ఆర్మ్ మధ్య ఖాళీ తగ్గుతుంది. వేగం పెరిగితే టైరు కూడా కాస్త పెరుగుతుంది. చైను పక్క, మడ్‌గార్డు కింద, బ్రేకు రాడ్డు దగ్గర చిటికెన వేలు ఆడేంత సందు లేకపోతే ఆ టైరు మీది కాదు. బరువు, వేగం గుర్తులు పాత టైరు కన్నా తక్కువవి తీసుకోవద్దు. సైడ్ వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని.

గుడివాడ కుర్రాడికి చివరకు కంపెనీ సైజే, కాకపోతే మంచి రబ్బరున్న 100/80 వేశాను. గీతపడ్డ 130ని ఎవరికీ అమ్మకుండా కోసి పక్కన పడేశాను. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లూ కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో కూడా బండిని మరీ వాల్చొద్దన్నాను. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోమన్నాను. మే ఎండలో మధ్యాహ్నం నడిచొచ్చిన టైరులో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. చైను బిగువు చూసుకోవడానికి వారం తర్వాత రమ్మన్నాను.