పాత లోహమునుండి పూరేకులు

తెలుగున పూవు దళమును రేకు అందుము. పలుచగా సాగగొట్టిన లోహమును కూడ రేకే అందుము. ఈ రెండింటిని కలుపు పని మన డెల్టా గ్రామములలో ఇంటి పరిశ్రమ కాగలదా అని పంచాయతి సభ్యులు ఆలోచింపదగును.

పాత లోహమునకు క్రొత్త రూపమిచ్చుట మనకు తెలియని విద్య కాదు. పెరవలి మండలమందలి అజ్జరములో కంచరివారు పాత ఇత్తడిని కరగించి గంటలు, దేవాలయ సామగ్రి పోతపోయుదురు. తెనాలిలో ఇనుప తుక్కు బోల్టులతో, నట్లతో నిలువెత్తు విగ్రహములు చేయు శిల్పులు గలరు. పూవుకు అంత ఇనుము అక్కరలేదు. చూపు మాత్రము నిశితముగా ఉండవలెను.

ఒక మందారమును విప్పి, అయిదు రేకులను కాగితముపై పరచి, అంచు వెంబడి గీసికొనిన అదియే కొలత. అయిదింటిని ఒకే విధముగా వంచినచో అది బొమ్మ పూవుగనే ఉండును. నిజమైన పూవులో ఏ రేకు వంపు దానిదే. రాగిరేకు సుత్తి దెబ్బలకు గట్టిపడును. ఎఱ్ఱగా కాల్చి చల్లార్చిన మరల మెత్తబడును. అట్లు కాల్చక కొట్టుచు పోయినచో అంచు చీలును. కేసరములకు పాత కరెంటు తీగలలోని రాగి చాలును.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. తీగ తొడుగును కాల్చి రాగి తీయు అలవాటు పలుచోట్ల గలదు. ఆ ప్లాస్టిక్ పొగ విషము. తొడుగును కత్తితోనే ఒలువవలెను. ఇత్తడిలోను, పూత రేకులలోను జింకు ఉండును. అది 420 డిగ్రీలకు కరగి 907 డిగ్రీలకు ఆవిరియగును. రాగి కరగుటకే 1,085 డిగ్రీలు కావలెను. జింకు పొగ పీల్చినవారికి కొన్ని గంటలలో చలిజ్వరము రావచ్చును. సీసము కలిసిన టంకమును వంటయింటికి రానీయరాదు.

కావున కత్తిరించుట, వంచుట, మెరుగుపెట్టుట ఇంటియందు. కాల్చుట, అతుకుట గాలియాడు ఉమ్మడి పాకయందు జరుగవలెను. ఆ పాకకు స్థలము చూపుట పంచాయతి చేతిలోని పని. చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రమున్న గ్రామములలో రాగి, ఇత్తడి, అల్యూమినియములను వేరుపరచి, తూచి, పనివారికి ఇప్పించవచ్చును. పురుగుమందుల డబ్బాలను మాత్రము ఈ పనికి ఇవ్వరాదు.

2023 సెప్టెంబరులో ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున కమ్మరి, శిల్పి మొదలైన 18 వృత్తులు గలవు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయము, తొలివిడతగా లక్ష రూపాయల వరకు ఋణము అందులో ఏర్పరచిరి. గ్రామములలో దరఖాస్తులను మొదట పరిశీలించునది పంచాయతియే. పూలు చేయువారు ఏ వృత్తి క్రింద చేరుదురో ముందుగా విచారించుకొనుట మేలు.

ధర కట్టునపుడు లోహపు తూకమునే చూచినచో పనివారికి మిగులునది శూన్యము, గంటలను వ్రాసిపెట్టుకొనవలెను. తొలి అమ్మకము కడియపులంక నర్సరీల చెంత ప్రారంభింపవచ్చును. ప్రాణమున్న మందారము ప్రక్కన నిలిపినచో రాగి మందారములోని లోపము అచ్చటనే బయటపడును.