బొమ్మ కారు – తగ్గని రంగు పొర

ఏ వస్తువుకైనా చిన్న నమూనా చేసినప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే వంతున తగ్గుతాయి. నమూనా కార్లకు విరివిగా వాడే కొలతలలో ఇరవైనాలుగో వంతు ఒకటి. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. ఈ వంతున చేసిన బొమ్మ 18 సెంటీమీటర్లు ఉంటుంది. చక్రాలు, తలుపులు, దీపాలు అన్నీ అదే లెక్కన చిన్నవవుతాయి. కాని తనంతట తాను తగ్గనిది ఒకటున్నది. అది పైన పూసే రంగు పొర. రంగు అదే, కుంచె అదే, చుట్టూ ఉన్న గాలీ అదే. బొమ్మ కార్లకు కొత్త కొత్త పద్ధతులలో రంగు వేయబోయేవారికి ఎదురయ్యే చిక్కులలో చాలా భాగం ఇక్కడే పుడుతున్నవి.

పొర మందం ఎంత?

దీనిని లెక్క కట్టడం కష్టం కాదు. ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే మందం వస్తుంది. మన బొమ్మ కారు పైభాగపు వైశాల్యం 250 చదరపు సెంటీమీటర్లనుకొందాము. దానిమీద 2 మిల్లీలీటర్ల రంగు సమంగా పూస్తే తడి పొర మందం 0.008 సెంటీమీటరు, అనగా 80 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. రంగులో అయిదింట రెండు వంతులు మాత్రమే ఎండిన తరువాత మిగిలే పదార్థమైతే, పొర 32 మైక్రాన్లకు దిగుతుంది.

ఇది చాలా పలుచన కదా అనిపించవచ్చు. బొమ్మను తిరిగి అసలు కారంత పెంచి చూడండి. 32ను 24తో గుణిస్తే 768 మైక్రాన్లు, అనగా ముప్పాతిక మిల్లీమీటరు! అసలు కారుమీద అడుగు పూత మొదలు పై మెరుగు వరకు అన్ని పూతలూ కలిపి మిల్లీమీటరులో పదోవంతుకు కొంచెం పైన మాత్రమే ఉంటాయి. ఒక్క పూతతోనే మన బొమ్మ ఎంత దళసరి దుప్పటి కప్పుకొన్నదో దీనివల్ల తెలుస్తుంది.

దీని ఫలితం తలుపుల సందులలో వెంటనే కనిపిస్తుంది. అసలు కారులో తలుపు సందు 4 మిల్లీమీటర్లుంటే బొమ్మలో అది సుమారు 170 మైక్రాన్ల గాడి. ఆ గాడి గోడలకు రెండేసి పూతలు పడితే ఇరువైపులా కలిసి 128 మైక్రాన్లు నిండిపోతాయి. ఇక తలుపు గీత ఉన్నదో లేదో తెలియదు. అంతేకాక తడి రంగు తలతన్యత వల్ల పదునైన అంచులనుండి వెనుకకు జరిగి గాడిలో చేరుతుంది. అందుచేతనే అంచులు వెలవెలబోయి, గాడులు పూడిపోయి కనిపిస్తాయి.

పలుచన పూతలు, అడుగు పూత

దీనికి మందు, రంగును పలుచన చేసి, ఒక పూత ఆరిన తరువాత మరొకటిగా వేయడం. గాలి ఒత్తిడితో రంగును తుంపరగా చిమ్మే చిన్న యంత్రాలు ఇందుకే వాడతారు. కాని పలుచని పొర కింద ఉన్నదానిని దాచలేదు. కనుక కింద ఉన్నదే నునుపుగా, ఒకే వన్నెలో ఉండవలెను.

ఈ సూత్రం మన బొమ్మల పనివారికి చిరకాలంగా తెలుసు. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చెక్కి, చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి, పైన సున్నపు పూత వేసి ఆరనిస్తారు. ఆ తరువాతనే రంగులు. కొయ్యలోని సన్నని రంధ్రాలు రంగులోని జిగురును పీల్చివేయకుండా సున్నం అడ్డుపడుతుంది. తెల్లని నేల కావడంవల్ల పైరంగు పలుచనైనా వెలుగుతుంది.

ఇప్పటి నమూనా కార్లవారికి ఇష్టమైన నిగనిగలాడే గాజువన్నె కూడ ఈ సూత్రానికి పొడిగింపే. మొదట వెండివన్నె పూత వేస్తారు. దానిమీద పారదర్శకమైన ఎరుపో, నీలమో పూస్తారు. వెలుతురు రంగు పొరగుండా లోపలికి పోయి, వెండి పొరమీద పడి, తిరిగి రంగు పొరగుండానే బయటికి వస్తుంది. రెండుసార్లు వడకట్టబడడంవల్ల వన్నె గాఢమవుతుంది. నగలలో రాళ్లకింద తళుకు రేకు పెట్టే కంసాలి ఉపాయం కూడ ఇదే.

ఇక్కడను కొలతను మరవరాదు. మెరుపు రంగులలో ఉండే అల్యూమినియం రేకులు మామూలుగా 10 నుంచి 30 మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. 20 మైక్రాన్ల రేకు అసలు కారు లెక్కలో అర మిల్లీమీటరు పలుకు అవుతుంది. అప్పుడు బొమ్మ లోహంవలె మెరవదు, ఇసుక చల్లినట్లుంటుంది. కనుక బొమ్మకు మిక్కిలి మెత్తని పొడి కావలెను.

పలివెల గాలిలో రంగు ఆరడం

రంగు వేయడం సగం పని, ఆరడం తక్కిన సగం. కోనసీమలో కొత్తపేట దగ్గరి పలివెలను తీసికొందాము. ఉమా కొప్పేశ్వరస్వామి ఆలయంతో పేరుపొందిన ఈ ఊరు గోదావరి పాయల నడుమ, కాలువలకూ కొబ్బరితోటలకూ మధ్య ఉన్నది. వానాకాలంలో ఇక్కడి గాలిలో తేమ తరచు 80 శాతం దాటుతుంది.

స్పిరిటు, థిన్నరు వంటి ద్రవాలు త్వరగా ఆవిరవుతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని అవి రంగు పొరనుండే తీసికొంటాయి. పొర చల్లబడుతుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు ఏ తలమైనా సుమారు 26 డిగ్రీలకు దిగితే చాలు, మంచు పట్టినట్లు నీరు పడుతుంది. అనగా కేవలం నాలుగు డిగ్రీల తేడా. ఆ సన్నని నీటి బిందువులు పొరలో చిక్కుకొని వెలుతురును చెదరగొడతాయి. నిగనిగలాడవలసిన ఎరుపు పాలు చిందినట్లు తెల్లబారుతుంది. అదే 30 డిగ్రీల దగ్గర తేమ 40 శాతమైతే పొర 15 డిగ్రీలవరకు చల్లబడితేగాని నీరు పట్టదు. ఒకే డబ్బాలోని రంగు ఎండకాలపు మధ్యాహ్నం చక్కగా కుదిరి, శ్రావణమాసంలో చెడడానికి కారణం ఇదే.

1923–24 ప్రాంతంలో అమెరికాలో డుపాంటు కంపెనీవారు, జనరల్ మోటార్సువారు ప్రచారంలోకి తెచ్చిన డ్యూకో రంగు ఇటువంటి త్వరగా ఆరే జాతిదే. అంతకు ముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది. డ్యూకోతో అది గంటలలోకి వచ్చింది. ఆ కారు రంగే తరువాత మన నిర్మల్ కొయ్యబొమ్మలకూ, చిత్రాలకూ వాడుకలోకి వచ్చింది.

ఆవిరి లేని రంగు

ద్రవమే లేని రంగుకు ఈ బాధ ఉండదు. వరాహనది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాకలో పనివారు అంకుడు కర్రను తరిణిమీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఒత్తిపట్టుతారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రమీద పలుచగా పరచుకొంటుంది, చల్లబడగానే గట్టిపడుతుంది. ఆవిరయ్యేది ఏమీ లేదు కనుక తెల్లబారేదీ లేదు. మెరుగు పెట్టడానికి మొగలి ఆకు వాడతారు. మొగలి పొదలకు కోనసీమలో కొదవ లేదు.

ఈ పద్ధతికి ఒక హద్దున్నది. తరిణిమీద గుండ్రని వస్తువే తిరుగుతుంది. కనుక కొయ్యకారుకు చక్రాలు ఏటికొప్పాక పద్ధతిలోను, పైభాగం కొండపల్లి పద్ధతిలోను రంగు వేయడం ఉచితం.

ఏటికొప్పాక మరొక పాఠం కూడ చెబుతున్నది. రసాయనపు రంగుల వాడకం పెరిగిన తరువాత పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలవంటి సహజమైన రంగులను అక్కడ తిరిగి పనిలోకి తెచ్చారు. ఈ కృషి చేసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇది అందం విషయం మాత్రమే కాదు. బొమ్మ పిల్లల చేతికి వస్తుంది, చేతినుండి నోటికి పోతుంది. కొన్ని ప్రకాశవంతమైన పసుపు, నారింజ, ఎరుపు రంగులు సీసపు సమ్మేళనాలు. సీసం కొద్దిగా ఒంట పట్టినా పిల్లల మెదడు ఎదుగుదలకు హాని. ఇండ్లకు వాడే రంగులలో సీసం పది లక్షల వంతులలో 90 వంతులు మించరాదని మనదేశంలో 2016లో నియమం చేసి, 2017 నవంబరు 1 నుండి అమలుపరచారు. పరిశ్రమలలో వాడే రంగులు ఈ నియమంలోకి రావు. కావున మోటారు వర్కుషాపులో మిగిలిన డబ్బా ఎంత మెరిసినా పిల్లల బొమ్మకు పూయరాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

అయిదు సెంటీమీటర్ల చదరపు తగరపు ముక్కలు నాలుగు తీసికొని, ప్రతిదానిమీద మేకుతో సన్నని గాడి గీయండి. ముక్కల అంచులు చేతికి కోసుకొనకుండా ముందుగా ఆకురాయితో నున్నగా చేయవలెను. నీటిలో కలిసే రంగు వాడండి. మొదటి ముక్కమీద నాలుగు చుక్కలు ఒకేసారి పూయండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరనుకొంటే ఇది 80 మైక్రాన్ల తడి పొర. రెండవదానిమీద ఒక్కొక్క చుక్కను అంతే నీటితో పలుచన చేసి, ఆరనిచ్చి ఆరనిచ్చి, నాలుగుసార్లు పూయండి. పడిన రంగు రెండింటిమీద సమానమే. భూతద్దంతో గాడులను పోల్చి చూడండి. తక్కిన రెండు ముక్కలమీద ఇదే పనిని మరొక కాలంలో చేసి, ఆరడానికి పట్టిన నిమిషాలను, పొడి బల్బు, తడి బల్బు ఉష్ణమాపకాల అంకెలను పట్టికగా వ్రాయండి. స్పిరిటులో కరగించిన లక్క వార్నీషు తెల్లబారడాన్ని మాత్రం ఉపాధ్యాయులే, నిప్పుకు దూరంగా, గాలి వచ్చే చోట చేసి చూపవలెను.

జూలైలో ఒక పట్టిక, మే నెలలో మరొకటి తయారైతే, రంగు డబ్బామీద అచ్చువేసిన ఆరే సమయం పలివెలలో ఎంతవరకు చెల్లుతుందో ఆ పాఠశాల విద్యార్థులే చెప్పగలుగుతారు.