కాలి సిరలు – బిగుతు మేజోళ్ళు

గంటల తరబడి నిలుచుండి పాఠములు చెప్పు ఉపాధ్యాయులలో కొందరికి పిక్కలపై నీలముగా, మెలికలు తిరిగిన తీగలవంటివి పైకి తేలి కనిపించును. “నరాలు ఉబ్బినవి” అని మనవారందురు. అవి నరములు కావు. రక్తమును తిరిగి గుండెకు చేర్చు సిరలు.

నిలువబడిన మనిషి గుండెకు, చీలమండకు మధ్య ఎత్తు 120 సెంటీమీటర్లు అనుకొందము. అంత ఎత్తు గల రక్తస్తంభపు బరువంతయు చీలమండవద్ద సిర గోడపై పడుచుండును. రక్తపు సాంద్రత 1.06, పాదరసపు సాంద్రత 13.6 అని తీసుకొని విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును: పీడనము దాదాపు 93 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానమగును. నడచునప్పుడు పిక్క కండరములు సిరలను పిండి రక్తమును పైకి నెట్టును; సిరలలోని కవాటములు దానిని మరల క్రిందికి జారనీయవు. అందుచే ఆ పీడనము సుమారు 30కి దిగును. కవాటములు చెడినచో రక్తము వెనుకకు మరలును, సిర సాగి ఉబ్బును. సాయంకాలమునకు పాదము వాచును. ఏండ్లు గడచిన కొలది చీలమండవద్ద చర్మము నల్లబడి, ఒక పట్టాన మానని పుండు పడవచ్చును.

ఇట్టి పుండ్లతో బాధపడిన కాన్రాడ్ జోబ్స్ట్ అను ఇంజనీరు అమెరికాలో ఉండెడివాడు. ఈతకొలనులో నిలుచున్నప్పుడు తన కాళ్ళకు సుఖముగా ఉండుట ఆయన గమనించెను. నీటి పీడనము లోతుతో పెరుగును గదా! ఆ విధముగనే చీలమండవద్ద ఎక్కువగా, పైకి పోయిన కొలది తక్కువగా నొక్కు మేజోళ్ళను ఆయన 1950 ప్రాంతమున రూపొందించెను. వైద్యులు తరచుగా సూచించు రకము చీలమండవద్ద 20 మొదలు 30 మిల్లీమీటర్ల వరకు నొక్కును.

ఈ క్రమము తలక్రిందులైనచో మేలు పోయి కీడు వచ్చును. పై అంచును మడిచి వదలినచో అది త్రాడువలె బిగిసి రక్తమును క్రిందనే నిలుపును. అంగడిలో దొరకు ఏదో ఒక బిగుతు మేజోడు ఇందుకు పనికిరాదు. చీలమండ, పిక్క కొలతలు తీసి కొనవలెను. ఉదయము పడక దిగకముందే, వాపు లేనప్పుడు తొడుగుకొని, రాత్రి విప్పవలెను. మేజోడు చెడిన కవాటమును బాగుచేయజాలదు. తొడిగియున్నంతసేపే దాని సాయము.

కాలి ధమనులు పూడియున్నవారికి మాత్రము ఇది ప్రమాదకరము. అసలే తక్కువగా వచ్చు రక్తమును అది మరింత అడ్డును. కావున మధుమేహము గలవారు, పొగ త్రాగువారు వైద్యునిచే పాదమువద్ద నాడి చూపించుకొనిన పిమ్మటనే ధరించవలెను. ఉతుకుచుండగా సాగుడు తగ్గును. సుమారు ఆరు నెలలకు క్రొత్త జత కావలసి వచ్చును.