ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు: ఫాంటసీ ఆటల్లో ‘ఫామ్’ వెనుక గణితం

2024 నవంబరు 13న సెంచూరియన్‌లో 107 నాటౌట్. 15న జొహానెస్‌బర్గ్‌లో 120 నాటౌట్. రెండూ దక్షిణాఫ్రికాపైనే. 23న రాజ్‌కోట్‌లో హైదరాబాద్ జట్టు తరఫున మేఘాలయపై 151. టీ20ల్లో వరుసగా మూడు ఇన్నింగ్స్‌లో మూడు శతకాలు బాదిన తొలి పురుష క్రికెటర్‌గా తిలక్ వర్మ రికార్డులకెక్కాడు. ఐదు నెలలు తిరక్కముందే, 2025 ఏప్రిల్ 4న లఖ్‌నవూలో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో అదే తిలక్ 23 బంతుల్లో 25 పరుగులు చేసి బౌండరీల కోసం అవస్థపడుతుంటే, ముంబయి ఇండియన్స్ జట్టు 19వ ఓవర్లో అతణ్ని వెనక్కి పిలిచి మరొకరిని పంపింది. స్కోరుకార్డులో అతని పేరు ఎదుట ‘రిటైర్డ్ ఔట్’ అని పడింది.

ఈ మధ్యలో ఆ కుర్రాడి బ్యాటింగ్ సామర్థ్యం నిజంగా ఎంత మారింది? సెలక్టర్లు, వేలం గదిలో కూర్చునే విశ్లేషకులు నిత్యం తలపట్టుకునే ప్రశ్న ఇదే. ఫోన్‌లో ఫాంటసీ జట్టు కట్టుకునేవారిదీ ఇదే ప్రశ్న. కాకపోతే వారిలో చాలామంది ‘ఫామ్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు.

ఫాంటసీ ఆట సంగతి చాలామందికి తెలిసిందే. మైదానంలోకి దిగే 22 మందిలోంచి 11 మందిని ఎంచుకోవాలి. వారు చేసే పరుగులు, తీసే వికెట్లు, పట్టే క్యాచ్‌లు పాయింట్లుగా మారతాయి. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. మరే నిబంధనా లేకపోతే ఇలా కట్టగలిగే జట్లు 7,75,97,520. 22 మందిలో 11 మందిని 7,05,432 విధాలుగా ఎంచుకోవచ్చు. ప్రతి జట్టులోనూ ఇద్దరు నాయకులను 110 రకాలుగా పెట్టుకోవచ్చు. ఆ రెంటినీ గుణిస్తే వచ్చే సంఖ్య అది.

ఈ సరదా పుట్టింది మాత్రం అమెరికా బేస్‌బాల్‌లో. 1960లో హార్వర్డ్‌లో విలియం గామ్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త సహచరులతో ఇలాంటి ఆటే ఆడించాడు. 1980లో పాత్రికేయుడు డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు దానికి ఇప్పటి రూపం ఇచ్చారు. ఆటగాళ్లను అంకెలతో తూచే అలవాటు బేస్‌బాల్ అభిమానులకు అప్పటికే ఉంది. అందుకే ఆ తూకంలో దొర్లే పొరపాట్ల మీద జరిగిన తొలి పరిశోధనల్లో కొన్ని అక్కడినుంచే వచ్చాయి.

క్రికెట్ విషయానికొస్తే, భౌతికశాస్త్రం చదివినవారికి బ్యాటర్‌ను చూడగానే రేడియోధార్మిక పరమాణువు గుర్తుకు రావాలి. యురేనియం పరమాణువు ఒకటి ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఏ క్షణంలోనైనా దానికి ఉండే అవకాశం మాత్రం ఒక్కటే. ప్రతి పరుగు దగ్గరా ఔటయ్యే అవకాశం దాదాపు సమానమే అనుకుంటే, బ్యాటర్ స్కోర్లు కూడా అదే పద్ధతిలో పరుచుకుంటాయి. తక్కువ స్కోర్లు బోలెడు ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతూ ఎప్పుడో ఒక శతకం వస్తుంది. 1945లోనే జి.హెచ్. వుడ్ అనే గణాంకవేత్త రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో క్రికెట్ స్కోర్లను గుణశ్రేఢితో పోల్చి పరిశీలించాడు. నిజానికి క్రీజులోకి వచ్చిన కొత్తలో, కళ్లు కుదురుకునేదాకా, బ్యాటర్‌కు ప్రమాదం ఎక్కువే. ఆ సవరణ పక్కన పెడితే ఈ నమూనా ముతకదైనా పనికొస్తుంది.

ఈ పద్ధతిలో స్కోర్ల చెదురుబాటు, అంటే ప్రామాణిక విచలనం, దాదాపు సగటుతో సమానంగా ఉంటుంది. సగటు 30 ఉన్న బ్యాటర్ స్కోర్లు 30 చొప్పునే అటూ ఇటూ ఊగుతాయన్నమాట. పది పరుగులలోపే ఔటయ్యే అవకాశం అతనికి ప్రతిసారీ 28 శాతం. ఐపీఎల్ లీగ్ దశలో 14 ఇన్నింగ్స్ ఆడితే, ఎక్కడో ఒకచోట వరుసగా మూడుసార్లు పదిలోపే వెనుదిరిగే అవకాశం 19 శాతం. అలాంటి బ్యాటర్లు పదిమంది ఉంటే, ప్రతి సీజన్‌లోనూ సగటున ఇద్దరు ‘ఫామ్ కోల్పోతారు’. వారి ఆటలో ఏ మార్పూ వచ్చి ఉండదు. టీవీ వ్యాఖ్యాతలు మాత్రం ఫుట్‌వర్క్‌లో లోపం కనిపెడతారు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. గిన్నెలో మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కాబట్టి ఆ మాట నిజం. టీ20 ఇన్నింగ్స్ అలాంటి మెతుకులు కావు. 14 ఇన్నింగ్స్ సగటులో కూడా అదృష్టం పాలు అటూ ఇటూ 8 పరుగులు ఉంటుంది. 30ని 14 వర్గమూలంతో భాగిస్తే వచ్చేది అదే. అంటే 30 సగటు సత్తా ఉన్నవాడు ఒక సీజన్‌లో 22తోనూ, మరో సీజన్‌లో 38తోనూ కనిపించడం మామూలే. ఆ ఊగిసలాటను 3 పరుగులకు తగ్గించాలంటే 100 ఇన్నింగ్స్ కావాలి. అంటే ఏడు సీజన్లు! అప్పటికి ఆటగాడి వయసే మారిపోతుంది.

గొప్పవారికీ ఇందులో మినహాయింపు లేదు. 2016 ఐపీఎల్‌లో విరాట్ కోహ్లీ 973 పరుగులు చేశాడు. సగటు 81.08, నాలుగు శతకాలు. మరుసటి ఏడాది 10 మ్యాచ్‌లలో 308 పరుగులు, సగటు 30.80. భుజం గాయంతో ఆ సీజన్‌ను ఆలస్యంగా మొదలుపెట్టిన మాట నిజమే. గాయం లేకపోయినా 81 సగటు నిలుస్తుందని ఆశించడం పొరపాటే. అసాధారణమైన ప్రతి సీజన్ వెనుకా అసాధారణ ప్రతిభతో పాటు కొంత కాలం కలిసిరావడమూ ఉంటుంది. ప్రతిభ వచ్చే ఏడాదికి వెంట వస్తుంది, కలిసివచ్చిన కాలం రాదు. గణాంకవేత్తలు దీన్ని సగటుకు ప్రతిగమనం అంటారు. బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సాధారణంగా వారికన్నా కొంచెం పొట్టిగా ఉండటం గమనించి, 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ దీన్ని వివరించాడు.

మరి తక్కువ సమాచారంతో మెరుగైన అంచనా వేయడమెలా? దీనికి జవాబు 1950లలో చార్లెస్ స్టెయిన్ చూపాడు. ఆ తర్వాత విల్లార్డ్ జేమ్స్‌తో కలిసి 1961లో దానికి సూత్రం ఇచ్చాడు. అనేకమందిని ఒకేసారి అంచనా వేయాల్సి వచ్చినప్పుడు, ప్రతి ఒక్కరి సగటునూ అందరి ఉమ్మడి సగటు వైపు కొంత జరిపితే మొత్తం పొరపాటు తగ్గుతుంది. వినడానికి వింతగా ఉంటుంది. ఒకరి సత్తా తేల్చడానికి పక్కవాడి స్కోరుతో ఏం పని?

బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ 1977లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో దీన్ని బేస్‌బాల్ లెక్కలతో చూపించారు. 1970 సీజన్ ఆరంభంలో 18 మంది బ్యాటర్లు తలా 45 అవకాశాల్లో సాధించిన హిట్లు తీసుకున్నారు. రాబర్టో క్లెమెంటే 45లో 18 హిట్లతో 0.400 దగ్గర అందరికన్నా పైన ఉన్నాడు. మాక్స్ ఆల్విస్ 7 హిట్లతో 0.156 దగ్గర అడుగున ఉన్నాడు. అందరి సగటు 0.265. సూత్రం క్లెమెంటేను 0.294కు దించింది, ఆల్విస్‌ను 0.242కు లేపింది. మిగిలిన సీజన్‌లో క్లెమెంటే 0.346, ఆల్విస్ 0.200 సాధించారు. విడివిడిగా చూస్తే ఈ ఇద్దరి విషయంలోనూ సూత్రం కాస్త ఎక్కువే జరిపింది. ముడి సగటు ఎంత తప్పిందో ఇదీ దాదాపు అంతే తప్పింది. 18 మంది పొరపాట్ల వర్గాలను కూడి చూస్తే మాత్రం సూత్రం తప్పు ముడి సగటుల తప్పులో మూడో వంతుకన్నా తక్కువ. అంతమందిలో ఎవరి విషయంలో పొరబడతామో ముందే తెలియనప్పుడు అదే లాభం.

దీన్ని టీ20కి అన్వయించి చూద్దాం. లీగ్‌లో ప్రధాన బ్యాటర్ల ఉమ్మడి సగటు 28 అనీ, వారి అసలు సత్తాల మధ్య చెదురుబాటు 6 పరుగులనీ అనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. అప్పుడు 14 ఇన్నింగ్స్ సగటుకు ఇవ్వాల్సిన విలువ 36 శాతమే. మిగతా 64 శాతం ఉమ్మడి సగటుకు పోతుంది. సీజన్‌లో 50 సగటుతో అదరగొట్టినవాడి నుంచి వచ్చే ఏడాది ఆశించదగినది 36. అయిదు ఇన్నింగ్స్‌లో 50 సాధించినవాడి నుంచైతే 32 మాత్రమే.

అన్ని అంకెలూ ఒకేలా మోసం చేయవు. ఔటవడం ఇన్నింగ్స్‌కు ఒక్కసారే జరుగుతుంది. స్ట్రైక్ రేట్‌కు ప్రతి బంతీ ఒక పరీక్షే. 14 ఇన్నింగ్స్‌లో 280 బంతులు ఆడిన బ్యాటర్ స్ట్రైక్ రేట్ 140 అయితే, అందులో అదృష్టం పాలు అటూ ఇటూ 10 మాత్రమే. సగటులో నాలుగో వంతు దాకా ఉన్న అనిశ్చితి ఇక్కడ 7 శాతానికి దిగుతుంది. ఇంకా నమ్మదగినవి అవకాశాలు. బ్యాటింగ్ స్థానం, ఆడబోయే బంతులు, చివరి ఓవర్లలో బంతి ఎవరి చేతికి వెళ్తుందన్నది మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ పెద్దగా మారవు. ఏడో స్థానంలో వచ్చే ధాటైన బ్యాటర్‌కన్నా మామూలు ఓపెనర్ ఫాంటసీలో ఎక్కువ పాయింట్లు తేవడానికి కారణం ఇదే. ఫుట్‌బాల్ విశ్లేషకులు గోల్స్‌కు బదులు, ఏ దూరం నుంచి ఏ కోణంలో షాట్ కొట్టాడో చూసి ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ లెక్కించేదీ ఈ ఉద్దేశంతోనే. గోల్ అరుదు, షాట్లు చాలా.

ఇదే కొలతతో లఖ్‌నవూ ఇన్నింగ్స్‌ను చూస్తే, 23 బంతుల్లో స్ట్రైక్ రేట్ అటూ ఇటూ 36 దాకా ఊగుతుంది. 140 సత్తా ఉన్న బ్యాటర్ 109 దగ్గరో అంతకన్నా కిందో ఆగిపోవడం దాదాపు అయిదింట ఒకసారి జరిగే సంగతే. ఆ రోజు బంతి అతని బ్యాట్‌కు ఎలా తగులుతోందో దగ్గరనుంచి చూసిన కోచ్‌కు, అంకెల్లో లేనిది ఏదైనా కనిపించి ఉండొచ్చు. ఆ నిర్ణయం సంగతి వేరు. ఆ అంకెను బట్టి ఆటగాడిని తేల్చేయడం మాత్రం కుదరదు. అదే ఏడాది సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్‌పై భారత్ 20కే 3 వికెట్లు కోల్పోయినప్పుడు, 53 బంతుల్లో 69 నాటౌట్‌గా నిలిచి గెలిపించింది తిలక్ వర్మే.

‘ఫామ్’ అన్నది పూర్తిగా భ్రమేనా అంటే, అలా తీసిపారేయడానికీ లేదు. బాస్కెట్‌బాల్‌లో ‘చేయి తిరిగింది’ అన్న నమ్మకానికి ఆధారం లేదని 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ తేల్చారు. ముప్ఫై ఏళ్లకు పైగా అదే మాట పాఠంగా సాగింది. 2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సాన్హుర్హో ఆ లెక్కలోనే చిన్న లోపం పట్టుకున్నారు. నాణేన్ని మూడుసార్లు ఎగరేసే ప్రయోగం పదేపదే చేసి, ప్రతి ప్రయోగంలో బొమ్మ తర్వాత బొమ్మ పడిన నిష్పత్తి రాసుకుంటే, ఆ నిష్పత్తుల సగటు సగం రాదు, 5/12 వస్తుంది. ఆ సవరణ చేస్తే పాత సమాచారంలోనే కొంత ‘వేడి’ కనిపించింది. ఫామ్ ఉంది. అభిమానులు అనుకున్నంత మాత్రం లేదు.

ఇక డబ్బు సంగతి. ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అన్న ప్రశ్న మన కోర్టులకు పాతదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై వచ్చిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫాంటసీ క్రికెట్ గురించి 2017లో పంజాబ్-హరియాణా హైకోర్టూ అలాగే తీర్పిచ్చింది. ఎంఐటీకి చెందిన పెకో హొసోయి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా ఫాంటసీ ఆటల్లో నైపుణ్యం పాత్ర ఉందని లెక్కలతో చూపింది.

అయితే ప్రకటనల్లో చెప్పని మాట ఒకటుంది. నైపుణ్యం ఉన్న ఆట అంటే, ఆ నైపుణ్యం ఎదుటివాడి చేతిలో కూడా ఉండొచ్చు. అమెరికాలో 2015 బేస్‌బాల్ సీజన్ తొలి సగంలో రోజువారీ ఫాంటసీ లాభాల్లో 91 శాతం, ఆడినవారిలో 1.3 శాతం మందికే దక్కినట్టు మెకిన్సీ విశ్లేషకులు లెక్కగట్టారు. కంప్యూటర్ నమూనాలతో వందల జట్లు దించేవారితో, రాత్రి భోజనమయ్యాక మంచం మీద పడుకుని ఒక జట్టు కట్టేవాడు పోటీపడ్డాడు. పైగా నిర్వాహకుల వాటా ముందే కోతపడుతుంది. డబ్బు కట్టే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండానే దేశమంతటా వాటిని నిషేధించింది.

ఫాంటసీలో పోయేది పందెం డబ్బు. ఇదే లెక్క తప్పితే కెరీర్ పోయే చోటు మరొకటి ఉంది. రాష్ట్ర జట్లు పోటీపడే సయ్యద్ ముస్తాక్ అలీ టీ20 టోర్నీలో గ్రూప్ దశ దాటని జట్టుకు దొరికేది ఏడు మ్యాచ్‌ల వరకే. కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు ఏడు ఇన్నింగ్స్‌లో 45 సగటు, మరొకరు 15 సగటు సాధించారనుకుందాం. పైన చెప్పిన అంకెలతోనే లెక్కిస్తే, మొదటివాడి అసలు సత్తాకు మంచి అంచనా 32, రెండోవాడికి 25. కాగితం మీద 30 పరుగులున్న తేడాలో మిగిలేది ఏడే. ఆ మిగిలిన ఏడులో ఎంత నిజమో చూడాలంటే ఇద్దరికీ ఇంకో 20 ఇన్నింగ్స్ ఇవ్వాలి. వేలం మాత్రం డిసెంబరులోనే ఉంటుంది.